అప్‌డేట్: మినరల్ ఆయిల్ కొట్టినా నిమ్మపై పొలుసు పురుగులు పోలేదన్న ప్రశ్నకు జవాబు దొరికింది

మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసిన, పురుగుల నివారణకు చల్లే నూనె) పిచికారీ చేసినా నిమ్మ కొమ్మలపై పొలుసు పురుగులు (పొలుసు లాంటి కవచం కింద కదలకుండా అతుక్కుని రసం పీల్చేవి) అలాగే కనిపిస్తున్నాయని ఇంతకుముందు అడిగాను. స్పందించిన వారందరికీ ధన్యవాదాలు. భూతద్దంతో పరిశీలించిన కీటక నిపుణుడు గోటితో పొలుసులు లేపి చూపించగా, కొమ్మలపై ఉన్నవి చాలావరకు ఎండిన డొల్లలేనని, చచ్చినా అవి వెంటనే రాలిపోవని తెలిసింది. బతికినవి ఆకుల అడుగున, నూనెతో తడవని చోట ఉన్నాయి. ఈ నూనె శ్వాసరంధ్రాలను మూసి ఊపిరాడకుండా చంపుతుంది కనుక, తగలని పురుగుకు దానివల్ల ఏమీ కాదు. నాజిల్‌ను పైకి తిప్పి, ట్యాంకులోని ద్రావణాన్ని కలుపుతూ, అదే 1 శాతం గాఢతతో ఎండ తగ్గాక మళ్లీ కొట్టమన్న సలహా పనిచేసింది. పురుగుకు నిరోధకశక్తి వచ్చిందన్న అనుమానానికీ, నీటి కాఠిన్యానికీ ఇందులో సంబంధం లేదు. ఇక చెట్టు ఆకులపై కనిపించిన మచ్చలు మాత్రం అంతకుముందు చల్లిన గంధకంపై నూనె పడినందువల్ల వచ్చినవట. ఆ రెండింటి మధ్య కొన్ని వారాల ఎడం ఉండాలి.