ఎం25 శ్లాబుకి క్యూబు 46 వచ్చింది, సంతోషించాలా అనుమానించాలా?

మధురవాడ_ఇల్లు: విశాఖలో జీ ప్లస్ టూ కట్టిస్తున్నాను. డ్రాయింగులో కాంక్రీటు ఎం25 అని ఉంది, అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్ల బలం రావాలి. మొదటి శ్లాబు మాలుతో పోసిన మూడు క్యూబుల్ని (కాంక్రీటు దిమ్మల్ని) ల్యాబులో పగలగొట్టి చూసిన 28 రోజుల రిపోర్టు నిన్న వచ్చింది: 46.2, 46.4, 46.3. మేస్త్రీ "చూశారా సార్, డబల్ స్ట్రాంగ్" అని మురిసిపోతున్నాడు. మా బావ, రిటైర్డ్ ఏఈ, కాగితం చూసి మొహం చిట్లించాడు. ఎక్కువొస్తే తప్పేంటి?

గాజువాక_సైటు: ఏం తప్పు లేదు బ్రో. తక్కువొస్తే ఒప్పుకోవద్దని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో ఉంది గానీ ఎక్కువొస్తే వద్దని ఎక్కడా లేదు. అసలు ఎం25కి మిక్స్ డిజైన్లోనే, అంటే మాలు పాళ్లు లెక్కేసేటప్పుడే, టార్గెట్ 31.6 పెడతాం. 53 గ్రేడ్ సిమెంటు వేసి క్యూరింగ్ సరిగ్గా చేస్తే 38 మామూలే. గట్టిగా వచ్చిందని టెన్షన్ పడేవాణ్ణి మిమ్మల్నే చూశా.

పాతకాపు: 38 వేరు, 46 వేరు. నాకైతే 46 కన్నా ఆ పాయింటు తర్వాతి అంకెలే మింగుడు పడటం లేదు. ఒకే బ్యాచ్‌లో తీసిన క్యూబులైనా ఎంతో కొంత ఎడంగా పగులుతాయి, సగటుకి అటూ ఇటూ 15 శాతం దాకా కోడే ఒప్పుకుంటుంది, మీవి మూడూ కవల పిల్లల్లా ఉన్నాయి. రిపోర్టులో లోడు (క్యూబు పగిలేటప్పుడు మిషను మోపిన బలం) రాశారా? 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు, 46 రావాలంటే మిషను 1035 కిలోన్యూటన్ల దాకా పోవాలి. ఇంకోటి, క్యూబులో పోసిన మాలే శ్లాబులోనూ పడిందా? క్యూబుకి రెండు తాపీల సిమెంటు అదనంగా కలిపి, శ్లాబు దగ్గర మాలు జారట్లేదని నీళ్ల పైపు తిప్పేసే వాళ్లని నా కళ్లారా చూశాను.

గాజువాక_సైటు: అందరూ దొంగలేనా గురువుగారూ? నిజంగానే బస్తాలు ఎక్కువేశాడనుకోండి, ఓనరుకి లాభమేగా!

పాతకాపు: లాభమెక్కడిది? సిమెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, కుంచించుకోవడమూ పెరుగుతుంది. మన మే నెల ఎండకి సముద్రపు గాలి తోడైతే పైతడి ఆరిపోయి సాయంత్రానికే వెంట్రుక పగుళ్లు. ఉప్పు ఇనుము దాకా పోయేది వాటిలోంచే. ఘనపు మీటరుకి 450 కిలోల సిమెంటు దాటొద్దని కోడ్ ఊరికే అనలేదు.

సాగర్‌నగర్_ఫ్లాట్: మీరంతా 46 పట్టుకుని కొట్టుకుంటున్నారు గానీ అసలు ఎం25 ఎవరిచ్చారు? తీరప్రాంతానికి ఎం30కి తగ్గకూడదు, నీళ్లు సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. అంటే ఈ 46 నిజమైతే ఆయన అదృష్టవంతుడు. స్టీల్ ప్లాంటు పక్కన పెట్టుకుని, కొలిమి చిట్టెం కలిపిన, ఉప్పుని తట్టుకునే స్లాగ్ సిమెంటు గురించి ఒక్కరూ ఎత్తరేంటో.

మధురవాడ_ఇల్లు: ఇవాళ ల్యాబుకి వెళ్లాను. రిజిస్టర్లో లోడు కాలమ్ ఖాళీ. అడిగితే "రాసిస్తాం సార్" అన్నారు. క్యూబులు తెచ్చింది మా మేస్త్రీ మనిషేనట, ముక్కలు పారేశారట. శనివారం హ్యామర్ టెస్టు (శ్లాబు మీద సుత్తి లాంటి పరికరంతో కొట్టి బలం చూసేది) పెట్టించాను.

పాతకాపు: ఆ "రాసిస్తాం" అన్న మాటతోనే మీకు జవాబు దొరికింది. హ్యామరు పైపొర సంగతే చెబుతుంది, అనుమానం మిగిలితే శ్లాబులోంచి మూడు కోర్లు (తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు) తీయించండి, సగటు గ్రేడులో 85 శాతం, ఏ ఒక్కటీ 75కి తగ్గకుండా ఉంటే చాలు. రెండో శ్లాబుకి మాత్రం క్యూబులు మీ ఎదురుగా పోయించి, తడి ఆరకముందే మేకుతో తేదీ, మీ పొడి అక్షరాలు గీయండి.

మధురవాడ_ఇల్లు: మేకు సంగతి మేస్త్రీకి చెప్పాను. "నామీద నమ్మకం లేదా సార్" అని ఫోన్ పెట్టేశాడు.