చారిత్రక ఉద్యానంలో స్వచ్ఛంద సేవ: విజిటర్ వీసాపై వచ్చే నాన్నగారు కూడా చేయవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో ఉంటున్నాము. దగ్గరలో, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహించే స్టౌర్‌హెడ్ ఉద్యానం ఉంది. డిపెండెంట్ వీసాపై ఉన్న నాకు వారానికి ఒక పూట అక్కడ స్వచ్ఛందంగా పనిచేయాలని ఉంది. ఉద్యాన శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన మా నాన్నగారు వేసవిలో విజిటర్ వీసాపై వస్తున్నారు. కడియం నర్సరీల మధ్య పెరిగిన మనిషి కనుక ఖాళీగా కూర్చోలేరు. ఆయన కూడా నాతో రావచ్చా?

మొదటి జవాబు: మీ సంగతి వేరు, నాన్నగారి సంగతి వేరు అండీ. మీకు ఉద్యోగం చేసే అనుమతి ఉన్నట్లయితే ఏ ఇబ్బందీ లేదు. నాన్నగారి విషయంలో మాత్రం నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: విజిటర్‌గా వచ్చినవారు నమోదైన సేవాసంస్థకు (ఛారిటీకి) మొత్తం 30 రోజులకు మించకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు, అయితే ఆయన ఈ దేశానికి రావడానికి అదే ముఖ్య కారణం కాకూడదు. 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్ట్ నమోదైన సంస్థే. ఒప్పందం, నిర్ణీత గంటలు, జీతగాడు చేయవలసిన పని వంటివి వచ్చి చేరితే దానిని ఉద్యోగంగా పరిగణించే ప్రమాదం ఉంటుంది కనుక, దరఖాస్తు చేసేటప్పుడే వీసా వివరం దాచకుండా చెప్పి, వారు సరేనన్న తరువాతే పనిలోకి దిగండి. కొద్ది వారాలే ఉండేవారికి శిక్షణ ఇవ్వడానికి కొన్ని తోటలు ఒప్పుకోకపోవచ్చు.

మళ్లీ ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి పని ఎలా ఉంటుంది? కొమ్మలు కత్తిరించడంలో, అంట్లు కట్టడంలో నాన్నగారిది అందెవేసిన చేయి.

రెండవ జవాబు: నేను వేరొక పాత ఎస్టేటు తోటకు కొన్నేళ్లుగా వెళుతున్నాను కనుక చెబుతున్నాను చెల్లెమ్మా, కత్తెర చేతికి రావడానికి సమయం పడుతుంది. తొలి రోజుల్లో కలుపు తీయడం, ఎండుటాకులు పోగుచేయడం, పాదులకు ఎరువు పరచడం వంటి పనులే ఇస్తారు. నాన్నగారి వంటి అనుభవజ్ఞులకు ఇది కొంత చిన్నతనంగా తోచవచ్చు. అందుకే అలా ఎందుకో ముందే చెప్పి ఉంచండి, కారణం ఇదీ.

స్టౌర్‌హెడ్‌లో 18వ శతాబ్దపు మధ్యకాలంలో హెన్రీ హోర్ అనే బ్యాంకరు లోయలోని నీటికి ఆనకట్ట వేయించి సరస్సు ఏర్పరచి, దాని చుట్టూ దేవాలయాల వంటి కట్టడాలు నిలిపి, నడిచేవారికి ఒక్కో మలుపులో ఒక్కో దృశ్యం కనబడేలా తోటను తీర్చిదిద్దాడు. రోడోడెండ్రాన్ పొదల్లో చాలావరకు ఆ తరువాతి తరాలు నాటినవి. ఏ కాలపు మొక్కను ఉంచాలి, ఏది అడ్డంగా పెరిగి పాత దృశ్యాన్ని మూసివేస్తున్నది అన్నది హెడ్ గార్డెనర్ పాత పటాలు, లెక్కలు చూసి నిర్ణయిస్తారు. మన కంటికి ముదిరిపోయినట్లు కనిపించిన కొమ్మ అక్కడ కావాలనే వదిలినది కావచ్చు. మంచి తోటమాలికి ఊరుకోవడమే అన్నింటికన్నా కష్టమైన పని, అది నేనూ ఒప్పుకుంటాను.

ఇక తెగుళ్ల విషయంలో వారు పట్టుదలగా ఉంటారు. రోడోడెండ్రాన్‌కు సోకే ఫైటోఫ్తోరా రామోరమ్ అనే తెగులు లార్చ్ చెట్లను సైతం చంపుతుంది. మట్టి అంటిన బూట్ల ద్వారా కూడా అది ఒక చోటి నుంచి మరొక చోటికి చేరగలదు కనుక, బూట్లు శుభ్రం చేయమన్నప్పుడు విసుక్కోవద్దు. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి. పొడవు గడ్డిలో పిడుదులు లైమ్ వ్యాధిని అంటించగలవు, అందుచేత వేసవిలోనైనా నిండు ప్యాంటు వేసుకోవాలి. రానుపోను ఛార్జీలు సాధారణంగా తిరిగి ఇస్తారు, రసీదులు దాచండి.

మరొక్క మాట. నాన్నగారు తన కత్తెర, అంటు కత్తి, తోటలో వాడిన బూట్లు పెట్టెలో సర్దుకుంటారేమో. బూట్లు, చేతొడుగులు ఇక్కడే కొనండి. మొక్కలకు, అంట్లకు, చాలా రకాల విత్తనాలకు తెగుళ్లు లేవని తెలిపే ఫైటోశానిటరీ ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మీ పెరటి కోసమని కనకాంబరం విత్తనాలు పొట్లం కట్టకుండా ఇప్పుడే ఫోను చేసి చెప్పండి.