బెజవాడలో మొదటి ఫిల్మ్ కెమెరా: తేలికగా ఉండాలి, ఆటోఫోకస్ కావాలి

ప్రశ్న: ఫిల్మ్ కొత్తగా మొదలుపెడుతున్నా. మెడకు బరువు కానిది, తక్కువలో దొరికేది చెప్పండి. డిజిటల్ కెమెరాతో వచ్చిన కెనాన్ 18-55 లెన్స్ ఉంది, పనికొస్తుందా?

జవాబు 1: కెనాన్ ఈఓఎస్ 300 చూడండి. 1999 మోడల్, బాడీ సుమారు 350 గ్రాములే. మీ 18-55 ఈఎఫ్-ఎస్ రకం, అంటే చిన్న సెన్సర్ డిజిటల్ కెమెరాలకే చేసినది, దీనికి ఎక్కదు. ఈఎఫ్ 50 ఎంఎం 1.8 లెన్స్ అయితే హాయిగా పనిచేస్తుంది.

కొనేముందు వెనక తలుపు తీసి షట్టర్ రేకుల (ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే పలుచని రేకులు) మీద నల్లటి జిగురు మరక ఉందేమో చూడండి. ఉంటే వదిలేయండి, ఎంత చవకైనా సరే.

జవాబు 2: బ్యాటరీ సంగతి మర్చిపోయారు. రెండు సీఆర్2 కావాలి. షాపులో సీఆర్2 అంటే బిళ్లలాంటి సీఆర్2032 చేతిలో పెడతారు, అది కాదండీ. పొట్టిగా, లావుగా ఉండే 3 వోల్టులది.

ఫిల్మ్ కొసను నారింజ గుర్తు దాకానే లాగి, ఉబ్బు లేకుండా పరిచి తలుపు మూయండి. మోటారు ముందే రీలంతా బయటికి చుట్టేస్తుంది, తీసిన ఫ్రేములు ఒక్కొక్కటీ తిరిగి రీలు డబ్బాలోకి వెళ్తాయి. అందుకే కెమెరా మీద ఫొటోల అంకె 36 నుంచి తగ్గుతూ వస్తుంది, కంగారు పడకండి. పొరపాటున తలుపు తెరుచుకున్నా తీసినవి చాలావరకు దక్కుతాయి.

జవాబు 3: మే నెలలో రీలును బండి డిక్కీలో మాత్రం ఉంచకండి గురూగారూ, రంగులు మారతాయి. ఫ్రిజ్‌లో దాచినది గంటో రెండు గంటలో బయట ఉంచాకే రీలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మూత తీయండి, లేదంటే చెమ్మ పడుతుంది. బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నానికి ఐఎస్ఓ (ఫిల్మ్‌కు వెలుతురును పట్టే శక్తి) 200 చాలు.