అరకులో దిగిపోవాలా, కిరండూల్ దాకా పోవాలా?

వనస్థలిపురం:
డిసెంబరులో అమ్మానాన్నలతో విశాఖ వస్తున్నాం. పొద్దున్నే ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌కి బయలుదేరే రైలుకి తగిలించే అద్దాల బోగీలో అరకు వెళ్లి దిగిపోదాం అనుకున్నాను. ఆఫీసులో ఒకాయన మాత్రం "అరకులో దిగితే సగం కూడా చూడనట్టే, చివరిదాకా పోండి" అంటున్నారు. మొత్తం 470 కిలోమీటర్ల దాకా ఉంది, చేరేసరికి రాత్రి అవుతుందట. అంత దూరం పోవడం దండగ కాదా?

పెదవాల్తేరు:
అరకు చాలండీ. శృంగవరపుకోట దాటి శివలింగపురం నుంచి రైలు కొండెక్కుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఒక సొరంగం అవ్వగానే ఇంకోటి. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందం అంతా ఈ నాలుగైదు గంటల్లోనే. పెద్దవాళ్లని రోజంతా కూర్చోబెట్టకండి, నడుములు పట్టేస్తాయి.

కొండదారి:
పెదవాల్తేరు గారూ, నేను ఒప్పుకోను. అరకులో బోగీ సగం ఖాళీ అయ్యాకే ఆ ప్రయాణం మొదలవుతుంది. నేను మూడుసార్లు వెళ్లాను, మూడూ పగటి రైల్లోనే. రాత్రి ఎక్స్‌ప్రెస్‌లో పోతే కొండలన్నీ నిద్రలోనే దాటిపోతాయి, ఎవరూ అది ఎక్కకండి.

అరకు తర్వాత గోరాపూర్, పాడువా. ఒడిశాలోకి వచ్చేస్తాం. నవంబరు, డిసెంబరుల్లో పట్టాల పక్క మడుల్లో వలిసె పూలు. అరకులో ఫొటోలు దిగడానికి డబ్బులిచ్చి వెళ్లే పూలే ఇక్కడ గంటసేపు కిటికీ పక్కనే నడుస్తాయి. కోరాపుట్ దాటాక రైలు మళ్లీ ఘాట్ దిగుతుంది. మాలిగూడ సొరంగాలు, జయపురం లోయ. ఈ రెండో ఘాట్ గురించి మనవాళ్లెవరూ చెప్పరు, అదే నా బాధ. మొత్తం లైన్లో 58 సొరంగాలున్నాయి, అవన్నీ అరకు ముందే లేవు.

ఇంకోటి. ఈ లైను 1960ల్లో వేసింది మన కోసం కాదు, కిరండూల్ దగ్గరి బైలడీల గనుల ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి. ఒక చిన్న స్టేషన్లో ఎదురు గూడ్సు కోసం ఆగినప్పుడు కిందికి దిగి చూశాను. పట్టాల మధ్య కంకర మామూలు బూడిద రంగులో లేదు, కుంకుమ చల్లినట్టుంది. చేత్తో తీస్తే వేళ్లకి అంటుకుంది, సబ్బుతో కడిగినా గోళ్ల కింద సాయంత్రం దాకా పోలేదు. ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలనే తర్వాతిసారి చివరిదాకా వెళ్లాను.

పెదవాల్తేరు:
మీరు ఒంటరిగా వెళ్తారు, ఆయన అమ్మానాన్నలతో వెళ్తున్నారు. గూడ్సుల కోసం ఆగితే ఎంతసేపో ఎవరికీ తెలీదు. భద్రత కారణాలతో రైలుని దంతెవాడలోనే ఆపేసే రోజులూ ఉంటాయి. ఆ టెన్షన్ పెద్దవాళ్లకి ఎందుకు?

జయపురం:
మాది జయపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మాది విశాఖపట్నం జిల్లానే, ఇప్పటికీ ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మీరు అరకు అవతల అడవే అన్నట్టు రాస్తుంటే కష్టంగా ఉంది. ఈ రైల్లో మావాళ్లు విశాఖ పెద్దాసుపత్రికి వెళ్తారు, సీతాఫలాల గంపలు, కూరగాయల మూటలతో ఎక్కుతారు. వెళ్లండి, చివరిదాకా వెళ్లండి. కానీ జనరల్ బోగీ తలుపు దగ్గర వీడియోల కోసం గంటలకొద్దీ నిలబడకండి. రెండు నిమిషాల ఆగుడులో మూట దించుకోవాలి మేం. పోయినసారి మా అత్త దిగలేక పక్క స్టేషన్ దాకా పోయింది.

కొండదారి:
జయపురం గారూ, తలుపు దగ్గర నిలబడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది నాకు తట్టలేదు, తప్పే. ఇకపై నిలబడను.

వనస్థలిపురం గారూ, పెదవాల్తేరు గారి మాటలో ఒకటి నిజం. డిసెంబరులో పొద్దు తొందరగా గుంకుతుంది, జగదల్‌పూర్ చేరేసరికే సాయంత్రమైపోతుంది. ఆ పైన దంతెవాడ వైపు అడవి చీకట్లో పోతుంది, ఏమీ కనిపించదు. అందుకని జగదల్‌పూర్‌లో దిగిపోండి. మర్నాడు చిత్రకోట్ జలపాతం చూడండి, నలభై కిలోమీటర్ల లోపే. నీళ్లు తగ్గినా ఇంద్రావతి అక్కడ పడే తీరు చూడాలి. కిరండూల్‌కి మీరొక్కరే ఎండాకాలం రండి, పొద్దు ఎక్కువసేపు ఉంటుంది.

పెదవాల్తేరు:
జగదల్‌పూర్ అయితే సరే. కానీ అద్దాల బోగీ అరకు దాకానే. ఆ తర్వాతకి రిజర్వేషన్ వేరే చేయించుకోవాలి, అది మర్చిపోకండి.

వనస్థలిపురం:
నాన్నకి చదివి వినిపించాను. "అద్దాల బోగీ వద్దు, కిటికీ తెరుచుకునే బోగీ తియ్యి, సొరంగంలో గాలి తగలాలి" అన్నారు. జగదల్‌పూర్ దాకా మూడు టికెట్లు తీస్తున్నాను. అమ్మ పులిహోర కలుపుతానంటోంది. జయపురం గారూ, మీ స్టేషన్లో రైలు ఎన్నింటికి ఆగుతుందో చెబితే మీకూ ఒక డబ్బా తెస్తాం.