అప్‌డేట్: ఇంజిన్‌కి గాలి వెళ్లే ఇన్‌టేక్ గొట్టంలో గాలి తీరు కనిపించింది

పాత కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) బైక్‌కి ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) మూతి మారిస్తే గాలి సాఫీగా వెళ్తుందా అని అడిగాను కదా, లోపల కనిపించే పారదర్శక గొట్టంలో ఊలు పోగులు అంటించి చూడమన్నారు. చూశాను, చాలా థాంక్స్!

సింగిల్ సిలిండర్ ఇంజిన్ గాలిని విడతలుగా లాగుతుంది కాబట్టి పోగులు ఊగిపోయి ఏమీ తెలియలేదు. అందుకే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగించాను. అంచు తిన్నగా కోసిన గొట్టంలో మూతి దగ్గరి పోగులు గోడను వదిలేసి అల్లాడాయి, కొన్నయితే వెనక్కే తిరిగాయి. గంటలా విచ్చుకున్న గుండ్రటి మూతి తగిలించగానే అన్నీ గోడకి ఆనుకుని లోపలివైపు పడుకున్నాయి, అంటే గాలి సాఫీగా వెళ్తోందన్నమాట. కళ్లారా చూస్తే ఎంత బాగుందో!

ఫిల్టర్ మాత్రం తీయను, దుమ్ముకి సిలిండర్ అరిగిపోతుంది. ఇక యూ గొట్టంలో రంగునీళ్లు పోసి ఫిల్టర్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా కొలుస్తాను.