దసరాకి మన మూలలో ఏం పెడదాం? పాత బట్టల దుకాణం!

అలంకరణ బాధ్యత, నల్గొండ:

అందరికీ నమస్తే. నిన్నటి కాల్‌లో సగం మంది లేరు కాబట్టి మళ్లీ రాస్తున్నా. ఈసారి షికాగోలో మనం చేసే దసరా, బతుకమ్మ కార్యక్రమంలో నల్గొండ, పాలమూరు వాళ్లకి కమిటీ ఒక మూల ఇచ్చింది. పొడుగు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు. పోయినేడు పల్లెటూరి ఇల్లు సెట్ వేశాం. అందరూ వచ్చారు, ముందు నిలబడి ఫొటో దిగారు, వెళ్లిపోయారు. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది. అందుకే ఈసారి జనం వచ్చి కాసేపు కూర్చునేది ఒకటి చేద్దామని నా కోరిక. పాత బట్టల దుకాణం.

మాది నల్గొండ పక్కన చిన్న ఊరు. దసరా ఇంకా పది రోజులు ఉందనగా అమ్మ, నాన్న, నేను, చెల్లె పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి నల్గొండలో దిగేవాళ్లం. గడియారం స్తంభం దగ్గరికి రాగానే నాన్న ఆగి మా ఇద్దరికీ వేలితో చూపించేవాడు. "తప్పిపోతే యాడికి పోవద్దు, ఈడికే వచ్చి నిలబడాలె" అనేవాడు. తర్వాత ప్రకాశం బజార్. దుకాణం ముందు చెప్పులు విడిచి రెండు మెట్లెక్కితే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపు, పైన తెల్ల దుప్పటి. సేటు గల్లా పెట్టె వెనక ఉండేవాడు. మా ఊరి పేరు, నాన్న పేరు, పోయినసారి మిగిలిన బాకీ, మూడూ ఆయనకి నోటికే వచ్చు.

బట్టలు చూపించే అన్న చుట్టి పెట్టిన బట్ట తాను అందుకుని ఒక్క విసురు విసిరితే అది దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా మా మోకాళ్ల ముందు ఆగేది. గంజి వాసన గుప్పుమనేది. అమ్మ ముందుగా ధర అడిగేది కాదు. బట్ట కొసని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నలిపేది, గుప్పిట్లో నొక్కి వదిలి మడత పడుతుందేమో చూసేది, ఆ తర్వాత లేచి గడప దాకా వెళ్లి ఎండకి పట్టుకునేది, ట్యూబ్‌లైట్ కింద రంగు తెలియదని. అంతా అయ్యాక బేరం. కుదిరిందా, ఆ అన్న ఇనుప మీటరుతో కొలిచి, చివర నాలుగు వేళ్లంత ఎక్కువ వదిలి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి చర్రున చింపేవాడు. ఆ చప్పుడు వింటే మాకు దసరా వచ్చేసినట్టే. ఒకే తాను నుంచి నాకు, చెల్లెకి లంగాలు. ఇద్దరికీ ఎదిగే పిల్లల కొలత, కింద రెండు మడతలు లోపలికి.

డబ్బంతా ఎప్పుడూ ఉండేది కాదు. దసరా నాటికి పత్తి ఇంకా చేతికి రాదు కదా. సగం ఇచ్చి మిగతాది ఉద్దెర. సేటు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. కాగితం మీద నాన్నతో ఒక్క సంతకం కూడా పెట్టించలేదు.

మనం పెట్టే మూలలో నాకు కావాల్సింది ఇదే. రాకులు, బోర్డు, లైట్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు పరుపు, దుప్పటి, విప్పి చూపించే మనిషి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తున్నా. ఆ పరుపు మీద కూర్చోవాల్సింది ఊరి నుంచి వచ్చిన మన అమ్మానాన్నలు. ప్రతి కార్యక్రమంలో వాళ్లని గోడ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లల బ్యాగులు ఒళ్లో పెట్టి మనం తిరుగుతున్నాం. తానుని ఎలా విసరాలో, బట్టని ఎలా నలిపి చూడాలో తెలిసింది ఈ హాల్ మొత్తంలో వాళ్లకే.

గద్వాల అక్క:

చాలా మంచి ఆలోచన. చీరల బాధ్యత నాది. నా దగ్గర గద్వాల చీరలు ఆరున్నాయి, మా అత్తమ్మవి రెండు పాతవి. ఒక్క షరతు. హ్యాంగర్‌కి తగిలించవద్దు, పిన్నులు గుచ్చవద్దు. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు. ఆ రెండూ ఒంటికి విడిగా అతికి నేసినవి. బరువంతా అతుకు మీద పడితే పాత చీర అక్కడే పోతుంది. మా ఊళ్లో దుకాణంలో కొనేవాళ్లకి ముందు చూపించేదే ఆ అతుకు. చీర తిరగేసి, కొంగు మొదలయ్యే చోట వేలు పెట్టి, "ఇగో అమ్మా, ఇక్కడ చూడు" అనేవాళ్లు. మన పిల్లలకి కూడా అలాగే వేలు పెట్టి చూపిద్దాం.

నారాయణపేట గళ్ల చీరలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి. పోచంపల్లి మీ నల్గొండ వాళ్లు తెస్తారుగా? ప్రింటు వేసినవి వద్దు. దారానికి ముందే ముళ్లు వేసి రంగు అద్ది నేసింది అయితే వెనక వైపు కూడా డిజైన్ అంతే స్పష్టంగా ఉంటుంది, రంగుల అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. తిరగేస్తే తెలిసిపోతుంది. ఇచ్చిన ప్రతి చీరకీ ఇంటి పేరు రాసిన చీటీ మడతలో పెడతాను, రాత్రి లెక్క చూసి నేనే తిరిగి అప్పగిస్తాను.

హాల్ బాధ్యత, సూర్యాపేట:

హాల్ ఇస్తున్న స్కూల్ వాళ్లతో మాట్లాడాను. పరుపులు వేసుకోవచ్చు కానీ తలుపుకి అడ్డం రాకూడదు, కాబట్టి ఎడమ వైపు నాలుగు అడుగులు ఖాళీ వదలాలి. అమ్మకాలు ఏమీ వద్దు, మన అనుమతిలో అది లేదు. పొద్దున 9కి తలుపులు తీస్తారు. పరుపులు మోయడానికి నలుగురు కావాలి, ఇప్పటికి ఇద్దరమే ఉన్నాం.

మహబూబ్‌నగర్ తమ్ముడు:

అక్కా, నన్ను మోయడానికి రాసుకోండి. బోర్డు కూడా నేనే రాస్తాను, చేత్తోనే.

పిల్లల కోసం ఒక చిన్న సంగతి పక్కన పెడదామా? హైదరాబాద్‌లో మనందరం వెళ్లిన ఆబిడ్స్‌కి ఆ పేరు ఒక దుకాణం వల్లే వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ దుకాణం పెట్టాడు. ఆ నిజాం పేరు మీదే 1890లో మా పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాలు ఇప్పటికీ చూడొచ్చు, ఒక పొడుగాటి హాల్ నిండా ఉంటాయి.

అక్కా, మీరు రాసింది చదివాక మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన మేస్త్రీ వెంట డ్యాములు, కాలువల పనికి పోయేవాడు. పాలమూరు లేబర్ అంటే మీకు తెలుసు. ఆర్నెల్లకి, ఒక్కోసారి ఎనిమిది నెలలకి వచ్చేవాడు, పండుగకి ఒకటి రెండు రోజుల ముందు. బస్సు దిగి మూటతోనే మమ్మల్ని గడియారం చౌరస్తా దగ్గర దుకాణానికి తీసుకుపోయేవాడు. ఆయనకి మా కొలతలు తెలియవు. పోయేటప్పుడు మేం ఎంత ఎత్తున్నామో అదే మనసులో ఉండేది. దుకాణంలో మమ్మల్ని పక్కన నిలబెట్టుకుని, అరచేయి మా తల మీద పెట్టి, అలాగే తన కడుపు దాకా జరిపి చూసుకునేవాడు. ఒక దసరాకి ఆ చేయి ఆయన ఛాతీ దాకా వచ్చింది. ఏమీ అనలేదు. సేటుతో "రెండు మీటర్లు కాదు, రెండుంపావు కొయ్యి" అన్నాడు.

ఇంతకీ గడియారం పెడదామా? పెడితే నల్గొండదా, మాదా?

అలంకరణ బాధ్యత, నల్గొండ:

తమ్మీ, నీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. మా ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

గడియారం పెడదాం. ఏ ఊరి పేరూ రాయకుండా. రెండు ఊళ్లకీ గడియారమే గుర్తు కదా, కొట్లాట ఎందుకు. దీని గురించి ఒకటి చెప్పాలి. నేను షికాగో వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక పెద్దావిడ నన్ను డౌన్‌టౌన్‌లో మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద స్టోరుకి తీసుకెళ్లింది. స్టేట్ స్ట్రీట్, వాషింగ్టన్ స్ట్రీట్ కలిసే మూల మీద పెద్ద కంచు గడియారం, 1897లో పెట్టింది. చిన్నప్పుడు వాళ్లమ్మ క్రిస్మస్ షాపింగ్‌కి తెచ్చి "తప్పిపోతే గడియారం కింద నిలబడు" అని చెప్పేదట. నేను అక్కడే ఆగిపోయాను. మా నాన్న మాట అది, అక్షరం తేడా లేకుండా. ఆ తర్వాత పైన ఆ స్టోరు వాళ్ల హోటల్ వాల్‌నట్ రూమ్‌లో భోజనం పెట్టించింది. వాళ్ల ఇంట్లో మూడు తరాలు అక్కడ పెట్టే క్రిస్మస్ చెట్టు పక్కనే కూర్చుని తిన్నారట. 2006లో ఆ స్టోరు పేరు మారి మేసీస్ అయినప్పుడు ఆవిడ ఎంత బాధపడిందో నేను చూశాను. మా దుకాణంలో పరుపు తీసేసి గాజు కౌంటర్లు పెట్టారని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ గడియారం మాత్రం ఇప్పటికీ ఆ మూల మీదే ఉంది.

అందుకే మన గడియారం ఉత్త అట్టముక్క కాకూడదు. నడిచే గడియారం పెడదాం, ఇక్కడి టైమే పెడదాం. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ గేటు దగ్గరే చెప్పాలి, అమ్మానాన్న కనపడకపోతే గడియారం కిందికి రావాలని. పోయినేడు ఒక నాలుగేళ్ల బాబు అరగంట కనపడక వాళ్లమ్మ ఎంత టెన్షన్ పడిందో మనందరికీ గుర్తుంది. రిజిస్ట్రేషన్ టీమ్ ఈ మాట బ్యాండ్లు కట్టేటప్పుడే చెప్పాలి. గడియారం కింద ఎప్పుడూ ఒక వాలంటీర్ ఉండాలి, గంటకి ఒకరు చొప్పున.

తానుల కోసం ఇక్కడి బట్టల షాపులో మామూలు కాటన్ నాలుగు రకాలు కొందాం, ఒక్కోటి ఎనిమిది గజాలు. అట్ట మీద చుట్టి ఉంటేనే దొర్లుతుంది, మడత పెట్టింది పనికిరాదు. చిన్న ముక్కలు చింపి పిల్లలకే ఇచ్చేద్దాం. చింపేటప్పుడు వాళ్లని దగ్గర కూర్చోబెట్టండి, ఆ చప్పుడు వినాలి.

మిర్యాలగూడ వదిన:

అమ్మని అడిగాను. ముందు "నాకెందుకమ్మా గవన్నీ" అంది. మీరు రాసింది చదివి వినిపిస్తే కాసేపటికి వంటింట్లోంచి తనే వచ్చి మొదలుపెట్టింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: "కూసుంటా గని, కింద కూసుంటే మోకాళ్లు లేవనియ్యవు, చిన్న పీట ఏపియ్యి. కత్తెర మంచిది తెమ్మను, మీ ఇంట్ల కాయితాలు కోసేది బట్టకు రాదు. మీటరు కర్ర ఇనుపదే ఉండాలె, ప్లాస్టిక్ టేపు వంగుతది, కొలత తప్పుతది. ఇంగ గల్లా కాడ ఎవలన్న మొగోళ్లను కూసుండవెట్టున్రి, నేను బట్ట సూపిస్తా."

అలంకరణ బాధ్యత, నల్గొండ:

పీట మా ఇంట్లో ఉంది. గల్లా దగ్గరికి మా మామయ్యని అడుగుతాను, ముప్పై ఏళ్లు కిరాణం నడిపాడు. ఇనుప మీటరు ఇక్కడ దొరకడం కష్టం. వచ్చే నెల ఊరికి వెళ్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈరోజే చెప్పండి.

మహబూబ్‌నగర్ తమ్ముడు:

మా బావ 12న బయల్దేరుతున్నాడు అక్కా. మీటరు, కత్తెర రెండూ రాసిచ్చాను. చెకిన్ బ్యాగులోనే పెట్టమని చెప్పాను.