ఇంట్లో షేరింగ్‌కి కూడా పాస్‌వర్డ్ ఎందుకప్పా?

బైరాగిపట్టెడ స్టూడియో:
కింద స్టూడియో, పైన ఇల్లు మాది. పెళ్లి ఫొటోలన్నీ కింద డెస్క్‌టాప్‌లో ఉంటాయి, ఆల్బమ్ డిజైనింగ్ మా ఇంటామె పైన ల్యాప్‌టాప్‌లో చేస్తాది. ముహూర్తాలప్పుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగి మోకాళ్లు అరిగిపోయినాయి, దానికి తోడు వీడియో 4 జీబీ దాటిందంటే ఆ పెన్‌డ్రైవ్ తీసుకోదు, దాని ఫార్మాట్ ఫ్యాట్32 అంట. సరేలే అని ఆ ఫైళ్లు నెట్‌వర్క్‌లో పైకి కనపడేట్టు షేర్ పెడితే పైన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది, రోజూ కొట్టే పిన్ కొడితే తప్పంటాది. తిక్క రేగి పాస్‌వర్డ్ షేరింగ్ ఆఫ్ చేసి, డి డ్రైవ్ మొత్తం ఎవ్రీవన్‌కి, అంటే ఎవరొచ్చినా సరే, ఫుల్ కంట్రోల్ (చూసేది, మార్చేది, తుడిచేది అన్నీ) ఇచ్చేసినా. ఇప్పుడు హాయిగా ఉండాది. మా బావమరిది మాత్రం తలుపు తీసి పండుకున్నట్టు చేసినావంటాడు. మొగుడూ పెళ్లాల మధ్య పాస్‌వర్డ్ ఏందప్పా, మీరే చెప్పండి.

గ్రీమ్స్‌పేట సర్వీస్:
పిన్ అనేది ఆ సిస్టమ్ ముందు కూర్చున్నోడికే అన్నా, నెట్‌వర్క్‌లో పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే కొట్టాల. పాస్‌వర్డే లేని అకౌంట్‌ని కూడా విండోస్ మామూలుగా నెట్‌వర్క్ మీద రానీదు. జనం ఈ రెండింటితోనే విసిగి ఆఫ్ చేసేస్తారు. నాదొకటే ప్రశ్న, మీ వైఫై పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?

తిరుచానూరు అక్క:
మొదలుపెట్టినారు భయపెట్టేది. మా ఇంట్లో 5 ఏండ్ల నుంచి ఓపెన్‌గానే ఉండాది, మా అత్త టీవీలో మనవడి వీడియోలు చూసుకుంటాది, ఆమెకి పాస్‌వర్డ్ పెడితే రోజుకి పదిసార్లు నన్నే పిలుస్తాది. బయటోడు రౌటర్ దాటి ఎట్లొస్తాడు?

గ్రీమ్స్‌పేట సర్వీస్:
అక్కా, చూసేదానికి ఓపెన్ పెట్టుకుంటే నేనేమీ అనను, రీడ్ ఒక్కటే ఇయ్యండి. తంటా అంతా ఫుల్ కంట్రోల్‌తోనే. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అదే ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్, వచ్చినప్పుడు మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది, అది విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్ఎంబీ వన్‌లో లొసుగు పట్టుకుని పాకింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ టెన్ వెర్షన్ నుంచి కొత్తగా వేసుకుంటే ఆ ఎస్ఎంబీ వన్ మామూలుగా రాదు, పాత రౌటర్‌కి తగిలించిన డిస్క్ కనపడాలని దాన్ని మళ్లీ ఆన్ చేయమనే వీడియోలు నమ్మొద్దండి. మామూలు రాన్సమ్‌వేర్‌కైతే లొసుగు కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో దూరిందంటే దానికి రాసే హక్కుండే షేర్ అంతా లాక్ చేసేస్తాది. రౌటర్ ఏం ఆపుతాది, ఆ ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని లోపలికి తెచ్చేది మనమే కదా.

తిరుచానూరు అక్క:
అట్లైతే పాస్‌వర్డ్ సేవ్ అయిన ల్యాప్‌టాప్‌లో వైరస్ దూరినా అంతే కదా తమ్ముడూ? దానికి మందు బ్యాకప్, పాస్‌వర్డ్ కాదు.

గ్రీమ్స్‌పేట సర్వీస్:
అది నిజమే, ఒప్పుకుంటా. పని అయినాక పీకి బీరువాలో పెట్టే డిస్క్ ఒకటి ఉండాల్సిందే. కానీ వైఫై ప్రశ్నకి అన్న ఇంకా జవాబు చెప్పలేదు.

కొర్లగుంట కేబుల్:
పాస్‌వర్డ్ గొడవ మీరు మీరు తేల్చుకోండి, స్పీడెంత వస్తాది అన్నా? సెకనుకి 11 ఎంబీ దగ్గరే నిలబడిపోతే నెట్‌వర్క్ వైరు క్లిప్ వెలుతురులో పెట్టి చూడు, లోపల 8 తీగలూ ఉండాల. మా ఇంట్లో కొట్టినోడు నాలుగే కొట్టి పొయ్యినాడు, 40 జీబీకి గంట పట్టేది, తిరిగి కొట్టిస్తే ఏడెనిమిది నిమిషాలు. ఇంకోటి, ల్యాప్‌టాప్ విండోస్ లెవన్ ప్రో అయితే 24హెచ్2 అప్‌డేట్ వచ్చినాక గెస్ట్‌గా, అంటే పాస్‌వర్డ్ లేకుండా, షేర్‌లోకి ఎక్కనీదు, అప్పుడు నువ్వే పాస్‌వర్డ్ దారికి వస్తావు.

బైరాగిపట్టెడ స్టూడియో:
వైఫై అంటే... మేడ మీద గదిలో యూనివర్సిటీ పిల్లకాయలు నలుగురు ఉండారు, అద్దెలోనే వైఫై కలిపి ఇచ్చినా. తట్టనే లేదు సామీ. డెస్క్‌టాప్‌లో ఆల్బమ్ అని వేరే యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టినా, డి డ్రైవ్ షేర్ తీసేసి రెండు ఫోల్డర్లే ఇచ్చినా, ఒరిజినల్స్‌కి రీడ్, డిజైన్‌కి రాసేది కూడా. రిమెంబర్ టిక్ పెడితే మా ఇంటామెని మళ్లీ అడగలేదు. అయినా ఇంత అవసరమా అనే అనుకుంటా ఉండా, సాయంత్రం మెట్ల దగ్గర ఆ పిల్లోడొకడు ఎదురొచ్చి, "అన్నా, మీ డి డ్రైవ్‌లో సినిమాలుండేవి, ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతాదేంది?" అన్నాడు.